గ్యాస్ పొయ్యిని ఊదిన కోడలు

ఆత్రేయపురం దాటి కాలువ గట్టు వెంట పోతే తగిలే ఒక చిన్న ఊళ్ళో, పూతరేకులు తీసే ఇంటికి కోడలిగా వచ్చిన చక్రవేణి, ఇంకా జరగని తప్పులకు కూడా ముందుగానే భయపడిపోతూ ఉండేది.

ఆ భయం పుట్టేది మనసులో. కాపురం పెట్టేది మాత్రం మెడలో. పొద్దున్న లేచేసరికే ఆమె భుజాలు చెవుల దాకా ఎక్కి కూర్చునేవి. పొయ్యి మీద పాలు పెడితే, పొంగుతాయేమోనని పళ్ళు బిగించి వాటి ముందే నిలబడేది. బస్సులో సీటు దొరికినా సరే, ముందున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని, ఆ బస్సుని తానే నడుపుతున్నట్టు కూర్చునేది. దిగేసరికి వేళ్ళు కొంకర్లు పోయేవి. మెడ నొప్పి, దవడ నొప్పి, కణతల దగ్గర పోటు.

ఆమె భర్త దొరబాబు ట్రాలీ ఆటో నడిపేవాడు. ఏ సంగతినైనా నవ్వులోకి తిప్పేసే మనిషి.

"నీ భుజాల ఎత్తు చూస్తే వాటి మీద రెండు లుంగీలు ఆరేసుకోవచ్చే," అనేవాడు.

"ఆరేసుకోండి! ఇంటి భయమంతా నేనొక్కదాన్నే పడుతున్నాను కాబట్టే మీరు హాయిగా నవ్వుతున్నారు," అనేది చక్రవేణి.

నొప్పికి ఆమె బామ్ రాసుకునేది. కానీ ఆ ఇంట్లో బామ్ పెద్ద నేరం. పూతరేకు పసిపిల్లలాంటిది, ఏ వాసన తగిలినా పట్టేసుకుంటుంది. ఒకసారి ఎవరి నోట్లోనో నెయ్యి, బెల్లంతోపాటు బామ్ ఘాటు కూడా తగిలిందట. ఆ రోజునుంచి అత్తగారు నూకరత్నం బామ్ డబ్బాని పెరట్లో స్నానాల గది గూట్లోకి సాగనంపింది. ఇక దొరబాబు చక్రవేణిని పట్నం తీసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించాడు. ఆవిడ మెడ నొక్కి చూసి, ఎక్స్‌రే చూసి, "ఎముకలు భేషుగ్గా ఉన్నాయమ్మా. కండలే రాళ్ళలా బిగుసుకున్నాయి. దేనికింత కంగారు?" అని అడిగింది.

"అది తెలియకే కంగారండీ," అంది చక్రవేణి.

డాక్టరమ్మ నవ్వి, వేడి కాపడం పెట్టుకోమంది, సాయంత్రాలు నడవమంది, గుర్తొచ్చినప్పుడల్లా భుజాలు కిందికి వదలమంది. చక్రవేణి ఉప్పు మూటతో కాపడం పెట్టుకుంది, గట్టు మీద నడిచింది. భుజాలు మాత్రం వదల్లేదు. నడిచేటప్పుడు కూడా వాటిని మోసుకునే నడిచింది.

ఎందుకంటే ఆమెకొక సిద్ధాంతం ఉండేది. "ఈ బిగువు ఉండబట్టే నా చేతిలో పని జారిపోవట్లేదు. ఇది జబ్బు కాదండీ, జాగ్రత్త," అనేది. ఈ వాదనకి ఎవరు మాత్రం ఏం జవాబు చెబుతారు? ఆమె అలా పళ్ళు బిగించి నిలబడి ఉండగానే పాలు పొంగిపోయిన రోజులు చాలానే ఉన్నాయి. సిద్ధాంతం ఉన్నవాళ్ళకి అలాంటి రోజులు కనబడవు.

ఇక పూతరేకు తీయడమంటారా, అది బిగువుతో అయ్యే పని కానే కాదు. నున్నటి కుండని బోర్లిస్తారు. పక్కన తొలిచిన నోట్లోంచి ఎండు కొబ్బరాకులు లోపలికి తోసి మంట పెడతారు. పాలలా పలచగా రుబ్బిన బియ్యప్పిండిలో పలచటి గుడ్డని ముంచి, రెండు చేతుల మధ్య పరిచి పట్టుకుని, కాగిన కుండ మీద ఒక్కసారి అలా వేసి ఇలా లాగుతారు. రెప్పపాటులో కాగితం కన్నా పలచని రేకు లేస్తుంది. గుడ్డ బిగిస్తే రేకుకి చిల్లులు. చెయ్యి వణికితే రేకుకి చారలు. లోపల ఏముందో దాచుకోవాలనుకునే మనిషికి రేకు అస్సలు సహకరించదు.

విచిత్రమేమిటంటే, ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు చక్రవేణి చక్కటి రేకులు తీసేది. మంట మందగించినప్పుడల్లా ఊదుగొట్టం అందుకునేది. గుండె నిండా గాలి పీల్చి, గొట్టంలోకి నెమ్మదిగా, పొడుగ్గా ఊదేది. తొందరపడి ఫుస్సున ఊదితే బూడిద మొహాన కొడుతుంది కదా, అందుకని అలా నెమ్మదిగా ఊదడం ఆమెకి అలవాటైపోయింది. ఊది, గొట్టం పక్కన పెట్టి, రేకు తీసేది. గాజు పలకలా వచ్చేది.

గుమ్మంలో ఎవరైనా వచ్చి నిలబడితే మాత్రం అంతే సంగతులు. మంట సంగతి మరిచిపోయి, గొట్టం సంగతి మరిచిపోయి, గుడ్డని పట్టుకుని కూర్చునేది. భుజాలు లేచేవి. రేకు చిరిగేది.

"గుడ్డని పట్టుకోమంటే దొంగని పట్టుకున్నట్టు పట్టుకుంటావేంటే చక్రం? వదులు చెయ్యి," అనేది నూకరత్నం.

"వదిలితే జారిపోదూ, అత్తయ్యా?"

"జారదు."

"జారితే?"

"జారితే మళ్ళీ ముంచుతావు. పిండేమైనా కాలవలో కొట్టుకుపోతోందా?"

"అలా అనుకునే కదా అందరి పనులూ పాడవుతున్నాయి," అని చక్రవేణి ఇంకాస్త బిగించేది.

నూకరత్నం గట్టి మనిషి, మాట తక్కువ. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి కుదిరితే ముందు పురోహితుడికి కబురు పంపేవారు, తర్వాత ఆవిడకి. ఆవిడ చేతి రేకుని దీపానికి అడ్డం పెడితే అవతల దీపం కనిపించేది. ఆ చేత్తో మాట ఇచ్చిందంటే తప్పేది కాదు.

ఆ ఏడాది మాఘమాసంలో పక్క పట్నంలో ఒక పెద్ద పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి నాయనమ్మ స్వయంగా కారు వేసుకుని వచ్చింది. "నూకరత్నం, డబ్బాల్లో పెట్టి పంపితే కుదరదు. మండపంలోనే, చుట్టాలందరి కళ్ళ ముందు రేకులు తీయాలి. వేడి రేకు, వేడి నెయ్యి, అక్కడికక్కడ చుట్టి పెట్టాలి. నా మనవరాలి కోరిక," అంది. నూకరత్నం సరేనంది.

పెళ్ళి దగ్గర పడ్డాక, పెరట్లో పాచి మీద కాలు జారి నూకరత్నం పడిపోయింది. కుడి మణికట్టు వాచింది. కట్టు కట్టిన ఆయన గట్టిగా చెప్పాడు. "దీన్ని కదపకండి. ఇప్పుడు కదిపారంటే ఇక రేకులు తీయడం మరిచిపోండి."

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. కుండ బయటికి వెళితే దానితో పాటు ఆ ఇంటి మనిషే వెళ్ళాలి. పరాయి చేతికి కుండ ఇవ్వరు. నూకరత్నం కోడల్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"చక్రం, నేను మాటిచ్చాను. ఈ పెళ్ళిలో నువ్వు నిలబడితే ఇక ఈ కుండ నీది, ఈ పీట నీది. నిలబడలేకపోతే, తిట్టనులే. నువ్వు రేకులు చుట్టే పనిలో ఉండు. తీసే పనికి మా చెల్లెలి కూతుర్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటాను. ఏమంటావు?"

పుట్టింటివాళ్ళతో, వీధిలోవాళ్ళతో, చివరికి బస్సులో పక్క సీటు మనిషితో కూడా "మాది రేకులు తీసే ఇల్లండీ" అని గర్వంగా చెప్పుకున్న మనిషి చక్రవేణి. ఆ పీట ముందునుంచి లేచిపోవాలంటే ప్రాణం ఒప్పుకోలేదు.

"నిలబడతాను, అత్తయ్యా," అంది.

అని, చేయకూడని పనే చేసింది. బిగువు సరిపోకే ఇన్నాళ్ళూ రేకులు చిరిగాయనుకుంది. మణికట్లకి తువ్వాళ్ళు బిగించి కట్టుకుని సాధన చేసింది. మండపంలో పిండి చుక్కలు కారితే నామోషీ కదా అని, ముంచిన గుడ్డని బాగా పిండేసి వాడటం నేర్చుకుంది. నిద్రలో కూడా పళ్ళు కొరికింది. దొరబాబు పొద్దున్నే, "రాత్రంతా నా పక్కన విసుర్రాయి తిరిగిందే," అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు.

పెళ్ళి రోజు దొరబాబు ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి, కుండని దాని మీద పెట్టాడు. పిండి గిన్నె, గుడ్డలు, నెయ్యి, బెల్లప్పొడి ఎక్కించారు. చక్రవేణి ఊదుగొట్టం కూడా తెస్తుంటే, సామాను చూసుకోవడానికి వచ్చిన వంటమేస్త్రీ అబ్బులు నవ్వాడు.

"అదెందుకమ్మా? కొబ్బరాకులు కాలిస్తే మండపమంతా పొగ చూరిపోదూ? మా దగ్గర గ్యాస్ పొయ్యి ఉంది. చెవి తిప్పితే మంట."

చక్రవేణి గొట్టాన్ని గుమ్మంలోనే వదిలేసింది.

మండపంలో రంగు దీపాలు, సన్నాయి, సెంటు వాసన. భోజనాల హాలు మొదట్లోనే పూలదండలు చుట్టిన బల్ల వేసి, దాని మీద గ్యాస్ పొయ్యి పెట్టి, ఆ పైన కుండ బోర్లించారు. బల్ల ముందు ఎత్తు స్టూలు మీద చక్రవేణి కూర్చుంది. వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో నూకరత్నం కూర్చుంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. చూస్తుండగానే జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. పెళ్ళికూతురి నాయనమ్మ ముందు వరసలో కుర్చీ వేయించుకుంది.

చక్రవేణి గుడ్డ ముంచింది. పిండింది. పరిచింది. లాగింది.

రేకు మధ్యలో చిరిగింది.

రెండోది చిల్లులు పడింది. మూడోది సగం కుండకే అంటుకుపోయింది. అబ్బులు మంట పెంచాడు, తగ్గించాడు. నాలుగోది లేచింది కానీ, అటు పక్క నిలబడ్డవాళ్ళ మొహాలు దాని చిల్లుల్లోంచి కనిపించాయి.

నాయనమ్మ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తింది. "ఏవమ్మాయ్, ఇది పూతరేకా? చేపల వలా?"

హాలంతా గొల్లుమంది. ఎవరో వెనకనుంచి, "రొయ్యలు పడతాయేమో చూడండి మామ్మగారూ!" అన్నారు.

చక్రవేణి మెడ కొయ్యబారింది. దవడలు అతుక్కుపోయాయి. "అత్తయ్యా, ఈ గ్యాస్ మంట కుండకి పడట్లేదు," అంది పళ్ళ సందుల్లోంచి.

నూకరత్నం కుర్చీలోంచి లేచింది. ఎడమ చేత్తో కుడి చేతి కట్టు ముడి విప్పడం మొదలుపెట్టింది.

అది చూసి చక్రవేణి అటు తిరిగింది. "ఏం చేస్తున్నారు? ఆ చెయ్యి కదిపితే ఇక..."

"మాటిచ్చానే," అంది నూకరత్నం. "లే."

"లేవను. మీరు కూర్చోండి."

"చక్రం, లే."

"కూర్చోండి అత్తయ్యా! ఇంకొక్క రేకు. అదీ చిరిగితే లేచిపోతాను, మీ చెల్లెలి కూతురికి పీట నేనే తుడిచి వేస్తాను."

నూకరత్నం ముడి మీద చెయ్యి అలాగే ఉంచి, కోడలి చేతి వంక చూసింది. "అయితే ముందు ఆ గుడ్డ చూడు," అంది.

చక్రవేణి చూసింది. ఆమె పిడికిలిలో గుడ్డ మెలికలు తిరిగి తాడైపోయి ఉంది. అంత పిండిన గుడ్డ కుండ మీద పరుచుకోదు, ముడతలు ముడతలుగానే పడుతుంది. ముడత ఉన్న చోటల్లా చిల్లు. ఆమెకి ఆ గుడ్డనే చూస్తూ ఉండిపోవాలనిపించింది. తన మెడ కూడా ఆ గుడ్డలాగే ఉంది. దవడ అలాగే ఉంది. భుజాలు అలాగే ఉన్నాయి. తనని కూడా ఎవరో పట్టుకుని నీళ్ళన్నీ పోయేదాకా పిండేశారు. ఎవరో ఏమిటి, తనే.

గుడ్డని పిండి గిన్నెలో వదిలేసింది. అది మెల్లగా విప్పుకుంది. అప్పుడు, అలవాటుకొద్దీ, ఆమె కుడి చెయ్యి పక్కకి వెళ్ళింది, ఊదుగొట్టం కోసం. గొట్టం లేదు. చెయ్యి గాల్లో ఆగిపోయింది.

ఇంట్లో రేకు తీసే ముందు తనేం చేసేదో చక్రవేణికి అప్పుడు తట్టింది. పొయ్యికి ఊపిరి పోస్తున్నానని అనుకునేది. ఆ ఊపిరి పొయ్యికొక్కదానికే కాదన్నమాట!

ఆమె గుండె నిండా గాలి పీల్చింది. పెదాలు గుండ్రంగా చుట్టి, లేని గొట్టంలోకి, గ్యాస్ పొయ్యి వైపు, నెమ్మదిగా, పొడుగ్గా ఊదింది.

హాల్లో పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు.

"గ్యాస్ పొయ్యిని ఊదుతోందర్రా!" అన్నాడు అబ్బులు, కడుపు పట్టుకుని. "అమ్మా, సిలిండర్లో గాలి తక్కువైందా?"

"అలవాటు అబ్బులు గారూ," అంది చక్రవేణి. అని, తనకీ నవ్వొచ్చేసింది. నవ్వితే అతుక్కున్న దవడ టప్పున ఊడింది. తన దవడ అంత కిందికి వస్తుందని ఆమెకి ఆ రోజే తెలిసింది. ఇంకోసారి ఊదింది. ఊపిరితో పాటు భుజాలు కూడా చెవుల దగ్గర్నుంచి దిగి, వాటి చోట అవి కూర్చున్నాయి. వేళ్ళు మాత్రం ఇంకా మొండికేశాయి. సరే, బిగుసుకోవాలని అంత సరదాగా ఉంటే బిగుసుకోండి అనుకుని, రెండు పిడికిళ్ళూ కావాలనే ఉక్కులా బిగించింది. ఇంకా, ఇంకా. తర్వాత ఒక్కసారిగా వదిలేసింది. వేళ్ళు మెత్తబడి వెచ్చగా వేలాడాయి.

ఆ వేళ్ళతోనే గుడ్డ తీసింది. పిండలేదు. కారే నాలుగు చుక్కలు కారనిచ్చింది. కుండ మీద వేసి లాగింది.

రేకు లేచింది. నిండుగా, నున్నగా, ఒక్క చిల్లు లేకుండా.

నాయనమ్మ దాన్ని అందుకుని మొహానికి అడ్డంగా పట్టుకుంది. రేకు అవతల రంగు దీపాలన్నీ వెలిగాయి. "ఇదీ నూకరత్నం ఇంటి రేకంటే!" అంది. నెయ్యి పడింది, బెల్లప్పొడి పడింది, రేకు మడత పడింది, నాయనమ్మ నోట్లో మాయమైంది.

అక్కడితో చక్రవేణికి భయం పోయిందనుకుంటున్నారా? ఎక్కడ పోతుంది! కాసేపటికి పెళ్ళికొడుకు తరఫువాళ్ళు మందగా వచ్చి నిలబడేసరికి మళ్ళీ భుజాలు లేచాయి, మళ్ళీ ఒక రేకు చిరిగింది. ఈసారి ఆమె దాన్ని దాచలేదు. "చిరిగిందీ తియ్యగానే ఉంటుందండీ," అని నెయ్యి రాసి పెళ్ళివారి కుర్రాడొకడి చేతిలో పెట్టింది. పిడికిళ్ళు బిగించి వదిలింది, భుజాలు ఎత్తి దించింది, గ్యాస్ పొయ్యిని మళ్ళీ ఊదింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ రేకు కోసం చేతులు చాచారు.

నూకరత్నం ఎప్పుడు కూర్చుందో, ఎప్పుడు కట్టు ముడి మళ్ళీ వేసుకుందో ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున్న చక్రవేణి వంటింట్లోకి వచ్చేసరికి కుండ ముందు పీట తుడిచి వేసి ఉంది. పీట పక్కన ఊదుగొట్టం. అత్తగారు గోడకి ఆనుకుని, చుట్టే పనికి కూర్చుని ఉంది, ఎడమ చేత్తో.

"ఎక్కువ మాట్లాడకుండా కూర్చో," అంది.

చక్రవేణి కూర్చుంది. పిడికిళ్ళు, భుజాలు, దవడ ఒక్కొక్కటే బిగించి వదిలింది. ఊదుగొట్టం అందుకుంది. గుమ్మంలోంచి దొరబాబు, "మరి నా లుంగీలు ఎక్కడ ఆరేసుకోనే?" అని దిగాలుగా అడిగాడు.

"దండెం కట్టుకోండి," అంది ఆమె. ఆ తర్వాత రోజుల్లో బామ్ డబ్బా స్నానాల గది గూట్లో ఉండి ఉండి ఎండిపోయింది. పాలు అప్పుడప్పుడు పొంగుతూనే ఉన్నాయి. తుడుచుకుంటే పోయేది.

ఆ పొద్దున్న మాత్రం, రేకులు తీస్తూ తీస్తూ ఆమె తల తిప్పి చూసింది. నూకరత్నం తన కట్టు వంకే చూసుకుంటూ ఉంది. ఆ చెయ్యి మళ్ళీ మునుపటిలా అవుతుందో లేదోనని కాబోలు, పళ్ళు బిగుసుకున్నాయి. ఆ గట్టి మనిషి భుజాలు రెండూ చెవుల దాకా లేచి ఉన్నాయి.

"అత్తయ్యా, మీ భుజాలు," అంది చక్రవేణి మెల్లగా.

నూకరత్నం ఉలిక్కిపడి, కోడల్ని గుర్రుగా చూసి, ఆ తర్వాత బుగ్గలు నిండేలా గాలి పీల్చి, పొడుగ్గా ఊదింది. భుజాలు దిగాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. కుండ మీద రేకు మాడిపోయింది. ఇంకొకటి తీశారు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, గుర్తుంచుకోండి: భయం వచ్చి ఒంటిని బిగిస్తుంది, దాన్ని జాగ్రత్త అనుకుని మోయకండి, బిగుసుకున్న ఒంటిని కావాలని వదిలి, ఊపిరిని నెమ్మదిగా విడిచిన వాళ్ళ చేతిలోనే పని చక్కగా నిలుస్తుంది.